విడదీసిన మాట

కైకలూరున మా బంధువుల పిల్ల యొకతె నర్సు చదువు ముగించి, జపానుదేశమున వృద్ధులకు పరిచర్య చేయు నుద్యోగమును గోరి యా భాష నభ్యసించుచున్నది. 2021 జనవరిలో మన దేశమునకును జపానునకును జరిగిన యొడంబడికవలన నిట్టి కొలువులకు త్రోవ యేర్పడినది. కాని భాషాపరీక్ష నెగ్గవలెను. పిల్ల యొకసారి తప్పినది. మొన్న వచ్చి, “పిన్నీ, ఆ బొమ్మల యక్షరములు నా తల కెక్కవు” అని కన్నీరు పెట్టుకొన్నది.

ఆమె పుస్తకము చూచితిని. ప్రతి మాటను నూరేసిమార్లు వ్రాసినది గాని, యొక్కదానినైన విడదీసి చూడలేదు.

“కొల్లేటి నీరు దేనివెంట సముద్రమునకు బోవును?” అంటిని.

“ఉప్పుటేటి వెంట.”

“ఆ మాట కర్థము నీ కెవరు చెప్పిరి?”

“చెప్పుటకేమున్నది! ఉప్పు, ఏరు” అని నవ్వినది. నడుమ వచ్చిన టకారమును లెక్కపెట్టనే లేదు. దానిని టుగాగమ మందురని తెలియకయే మాట తెలిసికొన్నది గదా!

సోదరీమణులారా, జపాను మాటలు పెక్కు లిట్టి జంటలే. తల, నొప్పి యను రెండక్షరములు చేరిన ‘జుత్సూ’, కడుపునొప్పి ‘ఫుకుత్సూ’, నడుమునొప్పి ‘యోత్సూ’. నొప్పి యక్షర మొక్కటి పట్టుబడిన మూడు మాటలు చేతికి వచ్చును. మందుచీటిపై ‘షొకుజెన్’ అన్న భోజనమునకు ముందు, ‘షొకుగో’ అన్న తరువాత. రెంటను మొదటి యక్షరము భోజనమే. రెండవదానియందు పొరబడిన నష్టపోవువాడు రోగి.

పిల్లను మిక్కిలి విసిగించినది వేఱొకటి. తల యను నక్షరము ఒంటిగా నున్నపుడు ‘అతమ’ యట, ఈ జంటలో ‘జు’ యట! ఇది మనకు క్రొత్తయా? ఇంట తల యనియే యందుము. జంట కట్టునపుడు శిరోవేదన యందుము గాని తలవేదన యనము. మనము సంస్కృతమునుండి తెచ్చుకొన్నట్లే వారు చీనానుండి తెచ్చుకొన్నారు.

అన్ని మాటలు నిట్లు లొంగవు. కోయుట, చేయి యను నక్షరములు చేరిన ‘కిత్తె’ యనగా తపాలాబిళ్ల! అట్టివానిని వల్లె వేయవలసినదే.

నిన్న పిల్లయొద్దనుండి జాబు వచ్చినది. పైని రెండు జపాను అక్షరములు. మొదటిది చేయి, గుర్తుపట్టితిని. రెండవది కాగితమని క్రింద తానే వ్రాసినది. ‘తెగమి’, అనగా ఉత్తరము. పరీక్ష వచ్చే నెలలోనట.