పదో తరగతి తర్వాత మన ఆడపిల్ల ఎక్కడికి పోవాలి?

ఏజెన్సీలో పదహారేళ్ల పిల్ల తల్లయిందంటే చాలు, మైదానం నుంచి వచ్చిన ఆఫీసరు ముందుగా అనే మాట ఒకటే: "వీళ్ల ఆచారమే అంత." పేపర్లూ అదే రాస్తాయి. ఆ తర్వాత అవగాహన సదస్సు పెడతారు, బ్యానరు కడతారు, ఫొటో దిగి జీపెక్కి పోతారు. ఆ పిల్ల చదువు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని మాత్రం ఎవరూ అడగరు.

ముందు ఈ ఆచారం సంగతి తేల్చుకుందాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్లయింది. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 12 మందికి పైగా సర్వే నాటికే తల్లులో గర్భిణులో అయివున్నారు. దేశం మొత్తం మీద ఈ రెండో లెక్క నూటికి ఏడు కూడా లేదు. మరి ఈ రాష్ట్ర జనాభాలో గిరిజనులం ఎంతమందిమి? నూటికి ఆరుగురం కూడా లేము. మా పిల్లలను ఒక్కరు మిగలకుండా ఆ 29 మందిలో కలిపినా, మిగతావాళ్లంతా ఎవరి పిల్లలు? మైదానంలో జరిగితే దానికి పేదరికం అని పేరు. మన్యంలో జరిగితే ఆచారం అని పేరు. పసిపిల్లలను ముసలివాళ్లకు అమ్ముకోవడం మీద గురజాడ 'కన్యాశుల్కం' రాసింది మా గూడేలను చూసి కాదు.

అలాగని మన తప్పేమీ లేదని అనడం లేదు. పిల్ల పెద్దమనిషి అయితే పెళ్లికి ఈడొచ్చినట్టేనని మన పెద్దలు అనుకోవడం నిజం. కానీ మన ఆచారంలో ఉన్నది అదొక్కటేనా? మన తెగల్లో చాలాచోట్ల పిల్ల ఇష్టం లేనిదే పెళ్లి లేదు. కట్నం ఇవ్వడం లేదు, ఓలి తీసుకోవడం ఉంది. మగడు మంచివాడు కాకపోతే వదిలి వచ్చేయొచ్చు, మారుమనువుకు అడ్డు లేదు. ఇవన్నీ ఆడపిల్లకు బలమిచ్చే ఆచారాలు. వీటిని వదిలేసి, మైదానం నుంచి కట్నాన్నీ డీజేనీ తెచ్చుకుని, ఈడు సంగతి వచ్చేసరికి మాత్రం "తాతల నాటి ఆచారం" అంటే ఎట్లా? ఆచారం అంటే పెద్దలకు వీలైన ముక్క ఒక్కటే కాదు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. మన పిల్ల ఆశ్రమ పాఠశాలలో చదువుతుంది. ఆ పాఠశాలలు ఎక్కువగా పదో తరగతితో ఆగిపోతాయి. అప్పటికి ఆమెకు పదిహేనో పదహారో. ఇంటర్ చదవాలంటే గురుకుల కాలేజీలో సీటు రావాలి, లేకపోతే ఎక్కడో దూరంగా ఉన్న కాలేజీకి పోవాలి. కాలేజీ ఉన్నచోట ఆడపిల్లలకు హాస్టల్ ఉండదు, హాస్టల్ ఉన్నచోట కోరుకున్న గ్రూపు ఉండదు. పదో తరగతి తప్పినవాళ్ల గతి ఇంకా అన్యాయం. టీసీ చేతిలో పెట్టి పంపేస్తారు. పిల్ల ఇంటికొస్తుంది. పోడుకు పోతుంది, జీడితోటకు పోతుంది, ఏడాది తిరిగేలోపు సంబంధం వస్తుంది, లేదా తనకు నచ్చినవాడితో తానే వెళ్లిపోతుంది. మరుసటి ఏడాది ఒళ్లో బిడ్డ. ఇందులో ఆచారం ఎంత, ప్రభుత్వం కట్టని కాలేజీ ఎంత?

"చదివిస్తే ఏమొస్తుంది?" అని తల్లిదండ్రులు అడిగితే ఒకప్పుడు చెప్పడానికి ఒక జవాబుండేది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000లో 3వ నంబరు జీవో ఇచ్చారు. పక్క ఊరి పిల్ల టీచరమ్మ అయి, తన భాషలో పాఠం చెబుతుంటే చూసి, ఇంకో పదిమంది తల్లులు తమ కూతుళ్ల పెళ్లి ఆపారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఆ తీర్పుకూ ఆడపిల్ల పెళ్లికీ సంబంధమేమిటని అడిగేవాళ్లు మా గూడేనికి వచ్చి ఆ తల్లులకు జవాబు చెప్పాలి.

ఇక చట్టం సంగతి. బాల్యవివాహాల నిషేధ చట్టం 2006లో వచ్చింది, పోక్సో 2012లో వచ్చింది. 18 లోపు భార్యతో కాపురం చేసినా అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలను పాడుచేసే దుర్మార్గుడికి, బడిలో హాస్టల్లో చెయ్యి వేసేవాడికి ఈ చట్టాలు ఉండాల్సిందే. మన పిల్లలకు వాటి అవసరం ఇంకా ఎక్కువ. కానీ ఇష్టపడి వెళ్లిపోయిన పదిహేడేళ్ల పిల్లకూ పంతొమ్మిదేళ్ల పిల్లాడికీ ఇవే చట్టాలు తగిలినప్పుడు ఏమవుతోంది? విషయం తెలిసీ పోలీసులకు చెప్పకపోతే నర్సుకు కూడా శిక్ష పడుతుంది. పిల్లాడు జైలుకు పోతాడని భయపడి పిల్ల ఆస్పత్రికే రాదు. నాలుగో నెల, అయిదో నెల దాకా ఎవరికీ చెప్పదు. వస్తే వయసు పంతొమ్మిదని చెప్తుంది. రిజిస్టరులో పంతొమ్మిదే పడుతుంది. కాగితం మీద బాల్యవివాహం తగ్గిపోతుంది.

వయసు దాచడానికి ఇంకో కారణం కూడా ప్రభుత్వమే ఇచ్చింది. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు 5 వేల రూపాయలు ఇస్తారు. 18 ఏళ్ల 7 నెలలు నిండని తల్లికి ఆ డబ్బు రాదు. గుడ్డు, పాలు అందరికంటే ఎక్కువ కావాల్సింది ఎవరికి? ఒళ్లు ఇంకా ఎదుగుతున్న పిల్లకు కాదా? ఆమె తినేది ఆమె ఎదుగుదలకే చాలదు, అందులోంచి కడుపులో బిడ్డకు పంచాలి. రక్తహీనత మన ఆడపిల్లల్లో ఇంటింటా ఉంది. సికిల్ సెల్ జబ్బు మన తెగల్లోనే ఎక్కువ. ఇరవై దాటిన తల్లుల కంటే ఇలాంటి చిన్న తల్లులకే బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువ, వాళ్ల బిడ్డలే రెండున్నర కిలోలు తూగకుండా పుట్టే అవకాశం ఎక్కువ. అలాంటి పిల్లను డోలీ కట్టి మోసుకుపోవాల్సిన దారిలో వదిలేసి, పైగా పెళ్లి తొందరగా చేసుకుంది కాబట్టి డబ్బులు ఇవ్వమంటే, అది బాల్యవివాహాన్ని ఆపడం కాదు. ఆ పిల్లను శిక్షించడం.

కాబట్టి మన డిమాండ్లు సూటిగా చెబుదాం. ఏజెన్సీలో ప్రతి మండలంలో ఆడపిల్లలకు హాస్టల్‌తో కూడిన జూనియర్ కాలేజీ కావాలి. పదో తరగతి తప్పిన పిల్లను టీసీతో పంపకుండా అక్కడే ఉంచి మళ్లీ పరీక్ష రాయించాలి. తల్లయిన పిల్ల చదువుతానంటే బిడ్డతో సహా చోటివ్వాలి. గర్భిణికి వయసు అడ్డం పెట్టి డబ్బు ఆపకూడదు. అబార్షన్ కోసం వచ్చిన మైనరు కోరితే ఆమె పేరు, వివరాలు డాక్టరు పోలీసులకు చెప్పనక్కరలేదని 2022లో సుప్రీంకోర్టు అన్నది. ఆ సంగతి ప్రతి పీహెచ్‌సీ గోడ మీద తెలుగులోనూ మా భాషల్లోనూ రాయాలి. కాన్పు కోసం వచ్చే పిల్లకూ అలాంటి భరోసా ఇవ్వాలి.

ఇవి ప్రభుత్వం చేయాల్సినవి. మనం చేయాల్సింది కూడా ఉంది, దానికి ఏ జీవో అక్కరలేదు. 18 నిండని పిల్ల పెళ్లికి కులపెద్దలు కూర్చోకూడదు, ఓలి మాట్లాడకూడదు, పందిట్లో అన్నం తినకూడదు. ప్రేమించి వెళ్లిపోయిన పిల్లలను "ఇంక చేసేదేముంది" అని ఆ రాత్రే మొగుడూ పెళ్లాలను చేయకూడదు. ఎవరింటి పిల్లను వాళ్లు తెచ్చుకుని చదివించాలి. పిల్లాడి తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టి అడగాలి.

1996 పెసా చట్టం గ్రామసభకు చాలా అధికారాలిచ్చింది. మనం దాన్ని రోడ్డుకూ పింఛనుకూ మాత్రమే వాడుతున్నాం. వచ్చే సభలో ఒక ప్రశ్న చేర్చండి: ఈ ఏడాది మన ఊళ్లో పదో తరగతి రాసిన ఆడపిల్లలు ఎందరు, వాళ్లలో ఒక్కొక్కరు ఇప్పుడెక్కడున్నారు? పేరు పేరునా చదవండి. ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్ల పేరు రాగానే ఐటీడీఏకు తీర్మానం పంపండి, ఆమె తండ్రిని నిలబెట్టి మాట తీసుకోండి. పెళ్లి కుదిరాక ఆపడానికి పరుగెత్తడం కంటే ఇది తేలిక.