సీజర్ పడ్డాక

టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరే షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' నాటకాన్ని స్వాహిలీలోకి అనువదించాడు. 1963లో అచ్చయింది. అంతటితో తృప్తి పడక, సరిదిద్ది 1969లో మరో కూర్పు వేయించాడు. ఒక పక్క కొత్త దేశాన్ని ఏలుతూ ఇంకోపక్క పద్యపాదాలతో కుస్తీపట్టిన దేశాధినేతలు ఎందరుంటారు? ఆ నాటకంలో సీజర్ మూడో అంకం మొదట్లోనే చచ్చిపోతాడు. నియంత అవుతాడన్న భయంతో చంపినవాళ్ల కథ ఇంకా సగం మిగిలే ఉంటుంది. అంతర్యుద్ధం, బ్రూటస్ ఆత్మహత్య, చివరికి అధికారం ఇంకో సీజర్ చేతికి. నియంతల మీద యుద్ధానికి వెళ్లే నాయకులు చాలామంది మూడో అంకం కాగానే చప్పట్లకోసం చూస్తారు. చరిత్ర తెర పడేదాకా కూర్చుంటుంది.

ఉగాండాలో ఇదీ అమీన్ 1971లో గద్దెనెక్కాడు. మరుసటేడు ఆసియావాసులను, ఎక్కువగా గుజరాతీలను, 90 రోజుల్లో దేశం వదిలి పొమ్మన్నాడు. మనదేశంలో అమీన్ పేరు చెబితే గుర్తొచ్చేది అదే. సొంత ప్రజలను అతను వేలకు వేలు చంపించిన సంగతి ఆ తర్వాతే. తోటి ఆఫ్రికా పాలకులకు అదీ పట్టలేదు. 1975లో ఆఫ్రికా ఐక్యతా సంస్థ శిఖరాగ్ర సభ కంపాలాలోనే జరిగింది, అధ్యక్షపీఠం అమీన్‌దే. టాంజానియా ఆ సభను బహిష్కరించింది.

1978 అక్టోబరు చివర్లో అమీన్ సైన్యం సరిహద్దు దాటి కగేరా నది దాకా ఉన్న టాంజానియా నేలను ఆక్రమించుకుంది. ఊళ్లు దోచింది, నది మీది వంతెన పేల్చేసింది. ఆ నేల ఇక ఉగాండాదేనని అమీన్ ప్రకటించాడు. న్యెరేరే మొదట శత్రువును తరిమికొడితే చాలనుకున్నాడు. కొత్త ఏడాది వచ్చేసరికి ఆయన సైన్యమే సరిహద్దు దాటింది. గడాఫీ లిబియా నుంచి బలగాలు పంపినా అమీన్ నిలవలేకపోయాడు. 1979 ఏప్రిల్ 11న కంపాలా పడింది.

ఆ ముట్టడిలో ఒక విషయం చెప్పుకోవాలి. నగరం నుంచి తూర్పున జింజాకు పోయే రోడ్డును మూసేయవద్దని న్యెరేరే ఆదేశించాడు. లిబియా సైనికులు ఆ దారిన బయటపడిపోవాలని ఆయన ఉద్దేశం. వాళ్లను ఊచకోత కోస్తే అరబ్బులకూ ఆఫ్రికావాళ్లకూ మధ్య తీరని పగ మిగులుతుందని ఆయన లెక్క. గెలుస్తున్నవాడికి ఇంత ముందుచూపు ఉండటం అరుదు. అయితే ఆయన సైన్యమే దారిలో మసాకా, ఎంబరారా పట్టణాలను కగేరాకు ప్రతీకారంగా కూలగొట్టింది. ఆయన్ను పొగిడేవాళ్లు జింజా రోడ్డు గురించి చెప్పి మసాకాను మరిచిపోతుంటారు.

మూడు నెలలకు మన్రోవియాలో ఆఫ్రికా నేతల సభ జరిగితే, పరాయి దేశం మీదికి పోవడం తప్పని సూడాన్ నిమేరీ, నైజీరియా ఒబసాంజో ఆయన్ను నిలదీశారు. ఇద్దరూ సైన్యంలోంచి వచ్చి పాలకులైనవాళ్లే! అదే ఏడాది జనవరి 7న కంబోడియా నియంత పోల్ పాట్‌ను నాంపెన్ నుంచి తరిమిన వియత్నాంకు అంతకన్నా ఘనమైన సన్మానం జరిగింది. చైనా దాని మీద దండెత్తింది. ఐక్యరాజ్యసమితిలో కంబోడియా కుర్చీ పోల్ పాట్ ముఠాకే దక్కింది. ఆ ముఠా పెద్దల మీద నరమేధం నేరం కోర్టులో రుజువయ్యేసరికి 2018 వచ్చింది.

ఇరాక్ కథ వేరు. సద్దాం 1988లో హలబ్జా మీద విషవాయువు వదిలించి వేలమంది కుర్దులను చంపించాడు. అటువంటివాణ్ణి కూల్చినా, కుర్దుల ప్రాంతం దాటితే అమెరికా అధ్యక్షుడు బుష్‌నూ బ్రిటన్ ప్రధాని బ్లెయిర్‌నూ విముక్తిదాతలుగా తలిచేవాళ్లు తక్కువ. వాళ్ల మీదికి సద్దాం దండెత్తి రాలేదు. వాళ్లు చూపించిన సాకు, సామూహిక మారణాయుధాలు, ఎక్కడా దొరకలేదు. 2003 ఏప్రిల్ 9న బాగ్దాద్‌లో విగ్రహం కూలింది. ఆ రోజుల్లోనే జాతీయ గ్రంథాలయం తగలబడింది, మ్యూజియం దోపిడీ అయింది. అమెరికా సైనికులు చమురు మంత్రిత్వశాఖకు మాత్రం కాపలా కాశారు. పుస్తకాల మనుషులుగా మేము ఈ ఒక్కదాన్ని క్షమించలేం. మే నెలలో ఇరాక్ సైన్యాన్నే రద్దు చేసి లక్షలమంది ఆయుధాలు పట్టడం తెలిసినవాళ్లను వీధిన పడేశారు. శాంతి మార్గాలు ఇంకా మిగిలి ఉండగానే యుద్ధానికి దిగారని బ్రిటన్‌లో చిల్కాట్ విచారణ 2016లో తేల్చింది. 12 సంపుటాలు, దాదాపు 26 లక్షల పదాలు. శిక్ష ఎవరికీ పడలేదు.

మనకూ ఈ చిక్కు తెలియనిది కాదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం దిగిన ఐదు రోజుల్లో నిజాం పాలన ముగిసింది, రజాకార్ల పీడ వదిలింది. ఆ వెంటనే మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా ప్రాంతాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండ గురించి సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. తెలంగాణలో అదే సైన్యం రైతుల మీదికి మళ్లింది. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. సెప్టెంబరు 17ను ఏమని జరుపుకోవాలో ఈనాటికీ మనకు ఏకాభిప్రాయం లేదు.

ఉగాండాకే వద్దాం. అమీన్ తర్వాత వచ్చిన లులే 68 రోజులున్నాడు, బినైసా ఏడాదైనా నిండకుండానే పదవి పోగొట్టుకున్నాడు. అమీన్ కూలదోసిన మిల్టన్ ఒబోటే ఆ ఏళ్లలో చాలాకాలం న్యెరేరే ఆశ్రయంలోనే ఉన్నాడు. టాంజానియా సైన్యం ఉగాండాలో ఉండగానే 1980 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి, రిగ్గింగు ఆరోపణల మధ్య ఒబోటే గద్దెనెక్కాడు. లువేరో ప్రాంతంలో తిరుగుబాటును అణచే పేరుతో అతని సైన్యం ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. 1986లో ముసెవెని తుపాకీతోనే వచ్చాడు. 2005లో పదవీకాల పరిమితిని, 2017లో వయోపరిమితిని రాజ్యాంగం నుంచి తీసేయించాడు.

న్యెరేరేను సాధువును చేయనక్కర్లేదు. ఆయనదీ ఏకపార్టీ పాలనే, విచారణ లేని నిర్బంధాల చట్టం ఆయన చేతిలోనూ ఉంది. ఆ యుద్ధం ఖర్చుకు పేద టాంజానియా నడుం విరిగింది. అయినా 1981లో సైన్యాన్ని వెనక్కి పిలిపించాడు, 1985లో తనంతట తాను పదవి దిగాడు. అమీన్ మీద ఆయన చేసిన యుద్ధం న్యాయమైనది. ఒబోటేను మళ్లీ ఉగాండా నెత్తిన పెట్టడం తప్పు, లువేరో శవాల లెక్కలో ఆయన వాటా కూడా రాయాల్సిందే.