పెద్దల జ్ఞాపకాలకు ఒక పాతకాలపు గది

మ్యూజియం అనగానే అద్దాల బీరువాలు, ‘తాకరాదు’ అనే హెచ్చరిక గుర్తుకు వస్తాయి. గడిచిన కాలపు నిత్యజీవితాన్ని ఇళ్లు, వీధులు, వంటగదులతో సహా పునఃసృష్టించి, సందర్శకులను అందులో తిరగనిచ్చే ప్రదర్శనశాలలు వేరు. వాటిని మనం పిల్లల విహారస్థలాలుగానే భావిస్తున్నాము. డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధితో బాధపడే వృద్ధులకు అవి అంతకన్నా ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

డెన్మార్కులోని ఆర్హూస్ నగరంలో ‘డెన్ గామ్లే బ్యూ’ అనే ప్రదర్శనశాల 1914లో ప్రారంభమైంది. ఆ పేరుకు ‘పాత పట్టణం’ అని అర్థం. అక్కడ 1950ల నాటి ఇంటినొకదానిని డిమెన్షియా ఉన్న వృద్ధుల కోసం తీర్చిదిద్దారు. ఆ కాలపు దుస్తులు ధరించిన సిబ్బంది వారిని అతిథులుగా ఆహ్వానించి, కాఫీ ఇచ్చి, ఆనాటి వస్తువులను చేతికి అందిస్తారు. ఇంగ్లండులోని బీమిష్ మ్యూజియం కూడా ఇటువంటి సేవ చేస్తున్నది.

దీనికి శాస్త్రీయమైన ఆధారం ఉంది. అల్జైమర్స్ వ్యాధి తొలిదశలోనే మెదడులోని హిప్పోక్యాంపస్ దెబ్బతింటుంది. అందువల్ల కొత్త విషయాలు నిలవవు. ఉదయం తిన్న ఇడ్లీ గుర్తుండదు గాని, యౌవనంలోని సంగతులు చాలాకాలం చెక్కుచెదరవు. వాసన, స్పర్శ, శబ్దం వాటిని తట్టి లేపుతాయి. ఇది వ్యాధిని నయం చేయదు. పరిశోధనలలో కనిపించిన మేలు స్వల్పమే. అది అందరిలోనూ ఒకేలా లేదు. అయినా, మాట కరవైన మనిషి ఒక గంటసేపు మాట్లాడితే ఆ కుటుంబానికి అది చిన్న విషయం కాదు.

మన శిల్పారామాలలో ఎడ్లబండ్లు, గ్రామీణ వృత్తుల బొమ్మలు ఉన్నాయి. మంచిదే. కాని నేడు ఎనభై ఏళ్లున్న వ్యక్తి ఇరవై ఏళ్ల వయసు 1960ల నడుమ గడిపారు. పట్టణంలో పెరిగిన వారి జ్ఞాపకాలలో ఎడ్లబండికన్నా కిరోసిన్ స్టవ్, ట్రాన్సిస్టర్ రేడియో, పోస్టుకార్డు, బొగ్గుల ఇస్త్రీపెట్టె ఎక్కువగా ఉంటాయి. వాటినే మనం పాత సామాన్లవాడికి తూకానికి అమ్మేస్తున్నాము. జిల్లాకొక ప్రదర్శనశాలలో అటువంటి ఒక్క గది ఏర్పాటు చేయడం ప్రభుత్వానికి భారమేమీ కాదు.

అంతవరకు మీ ఇంటిలోనే ఒక మూల అమర్చండి. ఒక వస్తువును వారి చేతిలో పెట్టి, మౌనంగా కూర్చోండి. “ఇదేమిటో చెప్పు నాన్నా” అని పరీక్ష పెట్టవద్దు. పొరపాటుగా చెప్పినా సరిదిద్దవద్దు. దుఃఖం కలిగించే జ్ఞాపకం వస్తే మాట మార్చండి.

అన్నిటికన్నా ముందు వైద్యునికి చూపించండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మానసిక కుంగుబాటు వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి చికిత్స ఉన్నది. “వయసు మీద పడింది, అంతే” అని ఊరుకోకండి.