వెలిగియు వెలుగని గీజరు

మార్గశిరము ప్రవేశించినది మొదలు నిజామాబాదు పట్టణమునను, బోధను చుట్టుప్రక్కల చెఱకు గ్రామములందును ప్రాతఃకాలమున తఱచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు. "ఒకపారి అంటుకుంటది, ఇంకొకపారి అంటుకోదు." ఇది స్నానపు నీళ్ళు కాచు గ్యాసు గీజరును గూర్చిన మాట. కొందఱు దీనినే బాయిలరనియు పిలుతురు. పూర్తిగా చెడిన యంత్రముతో అంత బాధ లేదు. మెకానిక్కు వచ్చి చూచునప్పుడు బుద్ధిగా వెలిగి, అతడు వీధి మలుపు తిరుగగానే మొరాయించు యంత్రముతోనే గృహిణికి చిక్కు.

మన తల్లుల కాలమున పెరటిలో మూడు రాళ్ళ పొయ్యిమీద కాగు ఉండెడిది. అది వెలుగలేదన్నచో కట్టె తడిసినదని అర్థము. ఎండిన కట్టె తెచ్చినచో సరిపోయెడిది. బోధను శక్కరునగరులో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. అది నడచినంత కాలము అందలి బాయిలర్లకు చెఱకు పిప్పియే వంటచెఱకు; వానిని కనిపెట్టి యుండుటకు వంతులవారీగా మనుషులుండెడివారు. గోడకు తగిలించిన మన చిన్న బాయిలరునకు మాత్రము గృహిణియే కావలి. ఆ రేకుపెట్టె లోపల జరుగు వ్యవహారమును ఆమె కొంచెమైనను ఎఱిగియుండుట మంచిది.

ఐస్‌లాండు దేశమున నేలనుండి వేడినీరు చిమ్ము బుగ్గ యొకటి కలదు, దానిపేరు గెయిసిర్. 1868లో లండను నగరమున బెంజమిన్ వాడీ మాన్ అను నతడు గ్యాసుమంటతో నీళ్ళు కాచు యంత్రమును నిర్మించి దానికి ఆ పేరే పెట్టెను. ఆ మొదటి గీజరునకు పొగ వెడలు గొట్టము లేదు. ఈ సంగతిని మనస్సున ఉంచుకొనుడు, తరువాత దీనితో పని గలదు.

మన యిండ్లలోని గీజరునకు కరెంటు అక్కఱలేదు. కుళాయి త్రిప్పగానే నీరు వేగముగా ప్రవేశించి లోపలి రబ్బరు పొరను నెట్టును. ఆ పొర ఒక చిన్న మీటను నొక్కును. అంతట రెండు బ్యాటరీల బలముతో టిక టికమని నిప్పురవ్వలు పుట్టును, గ్యాసు ద్వారము తెఱచుకొనును. మంట అంటుకొన్నదని ప్రక్కనున్న సన్నని కడ్డీ గ్రహించినచో ద్వారము తెఱచియే యుండును. లేనిచో కొన్ని క్షణములలో మూసికొనిపోవును. నీరు, బ్యాటరీ, గ్యాసు, గాలి ఈ నాలుగును కూడినప్పుడే మంట. ఒకనాడు వెలిగి ఒకనాడు వెలుగలేదన్నచో, సాధారణముగా వీనిలో ఏదో యొకటి చాలీచాలక యున్నదని గ్రహింపవలెను.

ఏది చాలదో తెలియుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. సిలిండరు వద్ద రెగ్యులేటరును ఆపివేసి, వేడినీటి కుళాయిని పూర్తిగా త్రిప్పి, చెవి యొగ్గి వినుడు. టిక టిక శబ్దము గట్టిగా వినవచ్చినచో నీరును బ్యాటరీయు సరిగానే యున్నవి. గ్యాసు వైపు చూడవలెను. శబ్దము లేకున్నను, నీరసముగా నున్నను క్రొత్త బ్యాటరీలు వేసి మఱల వినుడు. అప్పటికిని నిశ్శబ్దమే యైనచో నీటినే ముందు అనుమానింపవలెను.

నీటి దోషమే మన ప్రాంతమున ఎక్కువని నా యభిప్రాయము. రబ్బరు పొరను నెట్టుటకు నీటికి తగిన త్రోపుడు కావలెను. చాల యంత్రములకు కుళాయికంటె రెండు మూడు మీటర్ల యెత్తున నీటితొట్టి యుండిన గాని చాలదు. పై అంతస్తు స్నానపుగదికి సరిగా నెత్తిమీదనే తొట్టి యున్నచో, తొట్టి నిండుగా నున్న ఉదయమున గీజరు వెలుగును. నీరు అడుగంటిన సాయంకాలమున వెలుగదు. వంటయింటి కుళాయి మూసియున్నప్పుడు వెలిగి, అచ్చట అంట్లు తోముచున్నప్పుడు ఆరిపోవును. ఇది యంత్రపు చాపల్యము కాదు, నీటి పంపకపు తగవు. ఇంకొక విచిత్రమేమనగా, చలి హెచ్చినకొలది నీరు ఇంకను వేడిగా రావలెనని మనము కుళాయిని సన్నముగా త్రిప్పుదుము. ధార సన్నమగుటతో పొర వెనుకకు జరిగి మంట ఆరిపోవును. ధారను తగ్గించుటకు బదులు, యంత్రముమీద శీతకాలపు గుర్తుగల మర యున్నచో దానిని త్రిప్పి మంటను పెంచుకొనవలెను.

బోరునీళ్ళు వాడు ఇండ్లలో మఱియొక తంటా. నీళ్ళు కాచు గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట మీరు చూచియే యుందురు. అదే సున్నము గీజరు లోపలి రాగి గొట్టమునను, నీరు ప్రవేశించుచోట నున్న చిన్న జల్లెడలోను పేరుకొని దారిని ఇరుకుచేయును. జల్లెడను శుభ్రపఱచుట ఇంటివారు చేయదగిన పనియే. నీటి మరను కట్టి, జల్లెడను ఊడదీసి, నిమ్మరసము పిండిన నీటిలో ఒక గంట నానవేసి, పాత పండ్లబ్రష్షుతో తోమి మఱల బిగింపవచ్చును. రాగి గొట్టమును కడిగించుట మాత్రము మెకానిక్కు పని.

బ్యాటరీల సంగతి చిన్నది. లావుపాటివి రెండు వేయుదురు. రెండింటిని ఒకేమాఱు మార్చవలెను గాని క్రొత్తదానికి పాతదానిని జతచేయరాదు. స్నానపుగది చెమ్మకు వాని కొనలయందు పచ్చని చిలుము పట్టుటయు కలదు. పొడిగుడ్డతో తుడిచిన చాలును.

గ్యాసు విషయమున ఒక భ్రమ తొలగవలెను. "పొయ్యి మండుచున్నది గదా, గీజరేల వెలుగదు?" అని అడుగుదురు. ఆఱు లీటర్ల గీజరు గంటసేపు మండినచో సుమారొక కిలో గ్యాసు ఖర్చగును. పొయ్యిమీది ఒక మంటకు అందులో ఐదవవంతో ఆఱవవంతో చాలును. కావున 14.2 కిలోల సిలిండరు చివరకు వచ్చినప్పుడు పొయ్యి మండును, గీజరు మండదు. చలి ఉదయములందు ఇది మఱింత స్పష్టముగా కనబడును. అట్టి సమయమున సిలిండరును పడుకోబెట్టుటయు, వేడినీళ్ళలో నిలుపుటయు కొందఱికి అలవాటు. రెండును ప్రమాదకరములే.

వెలుగలేదని కుళాయిని మాటిమాటికి త్రిప్పరాదు. మంట పట్టని ప్రతిమాఱు కొంత గ్యాసు వెలికి వచ్చును. అది గాలికంటె బరువైనది గనుక నేలమీద పేరుకొని, చివరకు రవ్వ పుట్టినప్పుడు ఒక్కమాఱుగా భగ్గుమనును. రెండుమాఱులు చూచి, సిలిండరు ఆపి, తలుపులు కిటికీలు తెఱచి కొంతసేపు ఆగవలెను. వాసన వచ్చినచో లైటు మీటను గాని ఫ్యాను మీటను గాని తాకక, బయటికి వచ్చి 1906కు ఫోను చేయుడు.

మిగిలినది గాలి. సోదరీమణులారా, దీనికొఱకే ఈ నెల ఈ విషయమును ఎత్తుకొంటిని. మంట అంటుకొని కొలదిసేపటికే ఆరిపోవుచున్నను, నీలముగా నుండవలసిన మంట పసుపుపచ్చగా కనబడినను, పైరేకుకు మసి పట్టినను గాలి చాలుట లేదేమో యని శంకింపవలెను. గాలి తక్కువైనప్పుడు మంటను తానే ఆర్పివేయు ఏర్పాటు కొన్ని గీజర్లలో కలదు. అట్టిది ఆరిపోవుచున్నచో అది హెచ్చరిక గాని లోపము కాదు. దానిని మెకానిక్కుచేత తీసివేయించుట మహాపరాధము. గాలి చాలని మంటనుండి కార్బన్ మోనాక్సైడు పుట్టును. వంటగ్యాసునకు మనకు తెలియుటకై వాసన కలుపుదురు. దీనికి వాసన లేదు, రంగు లేదు. ఇది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా రక్తమును అంటిపెట్టుకొనును. చలికని కిటికీ మూసి, తలుపు గడియపెట్టి, తలంటు పోసికొను స్త్రీకి మొదట తలనొప్పి, పిదప కాళ్ళలో నీరసము, అటుపై తెలివి తప్పుట. కేకవేయుటకైనను వ్యవధి యుండదు.

దీనికి మన దేశపు వైద్యులు గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని పేరు పెట్టినారు. ఇట్లు పడిపోయినవారిని చూచి ఇంటివారు మూర్ఛ యనుకొందురు, గాలి సోకినదనుకొనువారును లేకపోలేదు. వైద్యుడు సైతము మూర్ఛకే మందిచ్చిన సందర్భములు కలవు. అట్టి ఆపద కలిగినచో తలుపు తెఱచి, మనిషిని బయటి గాలికి చేర్చి, 108కి ఫోను చేసి, గ్యాసు గీజరు మండుచుండెనని వైద్యునికి మొట్టమొదట చెప్పవలెను. ఆ యొక్క మాటతో చికిత్స దారి మాఱును.

గీజరు స్థానము స్నానపుగది వెలుపల, ఆరుబయట. వేడినీటి గొట్టము మాత్రమే లోనికి రావలెను. అద్దె యింటిలో అది సాధ్యము కానివారు కిటికీ, తలుపు తెఱచియుంచి బకెట్టు నింపుకొని, గీజరును ఆపి, గది గాలి మాఱిన తరువాతనే తలుపు వేసికొని స్నానము చేయుదురు గాక. పిల్లలకును వృద్ధులకును ఇంకొక దారి చూపవలదు. 20 నిమిషములు ఎడతెగక మండినచో తమంతట ఆరిపోవు గీజర్లును కలవు. అది దోషమని మెకానిక్కును పిలువ నక్కఱలేదు. పిలిచినప్పుడు మాత్రము "వెలుగుట లేదు" అని ఊరకొనక, ఏ వేళ, ఏ కుళాయి త్రిప్పినప్పుడు, శబ్దము వచ్చియా రాకయా, మంట పట్టి ఆరినదా అసలు పట్టనే లేదా అను నాలుగు ముక్కలు కాగితముమీద వ్రాసి అతని చేతికిండు.