దస్తీ అంటే నవ్వెందుకు?

మా టీములో ఒకాయనకి నా నోట "దస్తీ" వినపడితే చాలు, నవ్వొచ్చేస్తుంది. "అది ఉర్దూ బాబూ, తెలుగులో జేబురుమాలు అనాలి" అని ఉచిత సలహా. నాకంటే అలవాటైపోయింది. జహీరాబాదు వైపు నుంచి కొత్తగా చేరిన పోరడొకడు మాత్రం ఈ నవ్వులకి జడిసి క్యాంటీన్లో కూడా ఇంగ్లీషే మాట్లాడుతున్నాడు. నాకు మండింది అక్కడ.

సరే, ఆ జేబురుమాలు సంగతే చూద్దాం. జేబు అరబ్బీ. రుమాలు పారశీకం, ముఖం తుడుచుకునేది అని. దస్తీలో 'దస్త్' కూడా పారశీకమే, చెయ్యి అని అర్థం. రెండు పరాయి ముక్కలు అతికిస్తే అచ్చతెలుగు, ఒకటే ఉంటే యాసా? పోనీ తువ్వాలు అందామా? అది పోర్చుగీసు!

ఇండోనేషియావాళ్ళు తువ్వాలుని 'హందుక్' అంటారు. డచ్చివాళ్ళ 'హాండ్‌డూక్' అది. హాండ్ అంటే చెయ్యి, డూక్ అంటే గుడ్డ. అర్థంలో మన దస్తీకి దగ్గరి చుట్టం. పక్కనే మలేషియాలో అదే వస్తువు 'తువాల'. మన తువ్వాలులాగే పోర్చుగీసు సంతానం. మలక్కాని 1511లో పోర్చుగీసులు పట్టుకున్నారు, 1641లో డచ్చివాళ్ళు లాక్కున్నారు. ఆ డచ్చి కంపెనీయే 1600ల మొదట్లో మన మచిలీపట్నంలో కొట్టు పెట్టి, ఇక్కడి బట్టలు కొని, ఆ దీవుల్లో లవంగాలకీ జాజికాయలకీ మార్చుకునేది. గుడ్డలు ఇక్కణ్ణించి వెళ్ళాయి, తుడుచుకునే గుడ్డకి పేరు మాత్రం హాలండు నుంచి!

ఇండోనేషియావాళ్ళు 1945లో స్వాతంత్ర్యం ప్రకటించుకుని, నాలుగేళ్ళు కొట్లాడి, 1949లో డచ్చివాళ్ళ చేత అధికారం వదిలించారు. హందుక్‌ని వదల్లేదు. ఆఫీసుని ఇప్పటికీ 'కాంతోర్' అనే అంటారు, అదీ డచ్చి మాటే.

మాది చిరాగ్‌పల్లి. చిరాగ్ అంటే పారశీకంలో దీపం, పల్లి మనది. బొంబాయి రోడ్డు మీద ఊరు దాటితే కర్ణాటకే. చాయ్ ఉర్దూలో అడిగి, బేరం కన్నడంలో ఆడి, తెలుగులో తిట్టుకునే జనం మేం. ఇందులో ఏది తీసేసి శుద్ధి చేస్తారు? ఊరి పేరు నుంచే మొదలెడతారా? (రోజూ పదిసార్లు 'ఇంపోర్ట్' అని కొట్టి కోడు రాసేవాళ్ళకి అరువు మాటంటే ఇంత రోత ఏమిటో!)

అసలు గొడవ మాటతో కాదు, మాట్లాడేవాడితో. మేనేజరు కూర్చునే కుర్చీ అరబ్బీ. మెయిల్లో ఆయన అడిగే జవాబు అరబ్బీ, దానికి పెట్టే తారీఖూ అరబ్బీ. ఇన్నేళ్ళలో వాటిని దిద్దినవాణ్ణి ఒక్కణ్ణీ చూళ్ళేదు.