ఇంటి సంగతులు: తొందర కాలికి, నిదానం చేతికి

మన పెద్దలు రెండు మాటలు చెప్పి వున్నారు. "ఆలస్యం అమృతం విషం" అన్నది ఒకటి, "నిదానమే ప్రధానం" అన్నది రెండవది. ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు గదా, ఏది పాటించవలె నని ఒక సోదరి ఈ శీర్షికకు వ్రాసి అడిగారు. రెండూ పాటించవలసినవే నని నా అభిప్రాయం. ఇంట్లో ఆపద కలిగినప్పుడు సాయం పిలవడానికి తొందరపడవలెను. చేతికి తోచిన పని చేయడానికి నిదానించవలెను. చిన్న చిక్కు పెద్ద నష్టంగా మారేది చాలాసార్లు మొదటి రెండు నిమిషాలలో మనం చేసే పనివల్లనే. అటువంటి సందర్భాలు నాలుగు ఈ నెల చెప్పుకుందాం.

వంటింటితో మొదలుపెడదాం. తెల్లవారుజామున లేచి వంటింట్లోకి పోయేసరికి గ్యాసు వాసన కొడుతున్నదనుకోండి. ఎవరి చెయ్యి అయినా ముందు దీపం స్విచ్చిమీదికో, పంకా స్విచ్చిమీదికో పోతుంది. అదే కూడని పని. స్విచ్చి వేసినా, ఆర్పినా కంటికి కనబడనంత చిన్న నిప్పురవ్వ పుడుతుంది. వంటగ్యాసు గాలికంటె బరువు గనుక పైకి పోక నేలబారున చేరి వుంటుంది. దానికి ఆ రవ్వ చాలు. కనుక స్విచ్చిలను వున్నవి వున్నట్లే వదలి, సిలిండరు రెగ్యులేటరు కట్టివేసి, దేవుని దగ్గర దీపమో అగరువత్తో వెలుగుతుంటే ఆర్పి, తలుపులు కిటికీలు బార్లా తెరచి, ఇంటిల్లిపాదీ బయటికి రావలెను. ఫోను చేయడం కూడా బయటికి వచ్చిన తర్వాతనే. ఇందుకు దేశమంతటికీ ఒకటే నంబరు: 1906.

సిలిండరు ఇంటికి వచ్చిననాడే మరొకటి చూసుకోవలెను. దాని మెడ దగ్గరి పట్టీమీద లోపలివైపున ఒక అక్షరమూ, ఒక అంకె వుంటాయి. 'ఎ' అంటే జనవరి నుంచి మార్చి, 'బి' అంటే ఏప్రిల్ నుంచి జూన్, 'సి' అంటే జూలై నుంచి సెప్టెంబరు, 'డి' అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. 'బి 28' అని వుంటే 2028 జూన్‌తో దాని గడువు సరి; తర్వాత దానిని తిరిగి పరీక్షించవలసి వుంటుంది. గడువు దాటినదైతే పుచ్చుకోకండి.

ఇక కారు సంగతి. 2005 జూలై 26న ముంబయి శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. 2015 డిసెంబరులో చెన్నై మునిగిన సంగతి మన పాఠకులలో చాలామందికి కళ్ళారా చూసినదే. నీళ్ళు తీసిన తర్వాత వీధిలో బురదతో నిలిచివున్న కారును చూడగానే, "ఒక్కసారి స్టార్టు చేసి చూద్దాం" అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇంజను లోపలికి నీరు పోయి వుంటే ఆ ఒక్కసారే చాలు, కొంప ముంచుతుంది. గాలి అణుగుతుంది గాని నీరు అణగదు. పైకి వచ్చే పిస్టను ఆ నీటిని గుద్దుకొని, దానిని నడిపే కడ్డీ వంగిపోతుంది. శుభ్రం చేయిస్తే సరిపోయే పని ఇంజను మార్చేదాకా పోతుంది. పైగా ఇట్లా తాళం తిప్పినందువల్ల కలిగిన నష్టానికి, ఇంజను రక్షణ అని వేరే చెల్లించి వుంటే తప్ప, మామూలు భీమాలో సాధారణంగా సొమ్ము రాదు. చేయవలసినది ఇంతే: తాళం ముట్టకుండా, నీరు ఎంతవరకు వచ్చినదో తెలిసేటట్లు ఫోటో తీయించి, భీమా కంపెనీకి తెలిపి, బండిని లాగించుకొని వర్కుషాపుకు పంపవలెను.

మూడవది పసిబిడ్డల విరేచనాలు. "నీళ్ళు తాగిస్తే ఇంకా ఎక్కువవుతా"యని నీరూ పాలూ మానిపించే ఇళ్ళు ఇప్పటికీ వున్నవి. బిడ్డ ప్రాణానికి ముప్పు తెచ్చేది ఒంట్లోని నీరూ ఉప్పూ తరిగిపోవడమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బనగాం శిబిరంలో కలరా చెలరేగి, నరానికి ఎక్కించే సెలైను చాలనప్పుడు, డాక్టరు దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని నోటితో తాగించి ఎందరినో బతికించారు. నేడు మందుల దుకాణంలో దొరికే ఓఆర్ఎస్ పొట్లం ఆ దారిలో వచ్చినదే. లీటరు పొట్లమైతే మొత్తం ఒకేసారి లీటరు నీటిలో కలపవలెను. పొట్లం దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, గోపురం కట్టకుండా అంచుకు సరిగా కొలిచి వేయాలి. ఉప్పు ఎక్కువైతే అపకారం. తల్లిపాలు మానరాదు. కళ్ళు గుంటపడినా, మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా వున్నా, విరేచనంలో రక్తం పడినా వైద్యుని దగ్గరకు పరుగెత్తవలసినదే.

నాలుగవది పెద్దవారి సంగతి. వున్నట్టుండి మూతి ఒక ప్రక్కకు పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా పక్షవాతమని తలచవలెను. అటువంటప్పుడు మన ఇళ్ళలో ముందు వచ్చేది గ్లాసుతో మంచినీళ్ళు. మింగే శక్తి తప్పి వుంటే ఆ నీరు ఊపిరితిత్తులలోకి పోతుంది. మాత్రలు కూడా ఇవ్వరాదు. రక్తం గడ్డ కట్టినదో, నాళం చిట్లినదో స్కాను తీస్తే గాని వైద్యునికైనా తెలియదు. ఒకదానికి మందైనది రెండవదానికి విషమవుతుంది. గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటలలోపల పడవలెను. కనుక మనిషిని ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేసి, చివరిసారి ఏ గంటకు బాగున్నారో కాగితంమీద వ్రాసుకొని, స్కాను వున్న ఆసుపత్రికే తీసుకుపోవలెను. "తెల్లవారనీ, చూద్దాం" అన్నచోటనే ఆలస్యం విషమవుతుంది.

మనవంటి కుటుంబాలకు ఇంకొక చిక్కు వున్నది. పిల్లలు ఉద్యోగాలకు దూరం పోయి, పెద్దవారు ఇద్దరే మిగిలిన ఇళ్ళు చెన్నైలో, బెంగళూరులో, బరంపురంలో, షోలాపూరులో ఎన్నో వున్నవి. మామ్మగారికి వూరి భాష బజారుకు చాలినంత వచ్చును గాని, గుండె దడదడలాడే వేళ నోటికి వచ్చేది తెలుగే. పొరుగింటివారికి, అంబులెన్సువారికి అది అర్థం కాదు. అందుకని ఒక కాగితం తీసుకోండి. ఇంటి నంబరు, వీధి, దగ్గరి గుర్తు, వాడుతున్న మందులు, పడని మందులు, పిల్లల ఫోను నంబర్లు పైన తెలుగులోనూ, క్రింద ఆ వూరి భాషలోనూ పెద్ద అక్షరాలతో వ్రాయించండి. ఒక ప్రతి ఫ్రిజ్ తలుపుమీద అంటించి, ఒకటి పొరుగింట ఇవ్వండి. యానాం సోదరీమణులకు మాత్రం తెలుగు ప్రతి ఒక్కటే చాలును.

ఈ సంచిక చేతిలో వుండగానే ఆ కాగితం పని కానివ్వండి.