మొక్కు తీరనివాడు జాతరకు రాడు

జనవరిలో శంబర పోలమాంబ జాతరకు మా బొబ్బిలి వైపు నుంచి జనం బస్సులకు వేలాడుతూ వెళ్తారు. వచ్చినవాళ్లలో ఎవరిని కదిపినా ఫలించిన మొక్కే చెబుతారు. గుంటడు పుట్టాడనీ, జొరం తగ్గిందనీ, కోర్టు కేసు గెలిచామనీ. ఫలించని మొక్కుల సంగతి అక్కడ వినపడదు, ఎందుకంటే వాళ్లు కోడిని చంకన పెట్టుకుని రారు. ఈ ఒంటివైపు లెక్క గురించి హేతువాదులు ఏనాటి నుంచో చెబుతున్నారు. నేను కొత్తగా కలిపేదేం లేదు. నా పేచీ ఆ జాతరను చూసి నవ్వుకునే చదువుకున్నవాళ్లతో.

వాళ్లకూ ఒక నమ్మకం ఉంది. పేదరికం మనిషిని రాటుదేలుస్తుందట. బడి వార్షికోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి గంజి తాగి, వీధిదీపం కింద చదివి ఇంతవాణ్ణయ్యానంటాడు. చప్పట్లు మోగుతాయి. ఆయన అబద్ధమాడడు. కానీ అదే దీపం కింద ఆయన పక్కన కూర్చున్న మిగతా పిల్లలేమయ్యారు? ఒకడు జూట్ మిల్లులో షిఫ్టు దిగి నేరుగా మందు దుకాణానికి పోతుండొచ్చు. ఇంకొకడు ఏ పనిలోనూ ఆర్నెల్లు నిలవకపోవచ్చు. వాళ్లను వేదిక మీదికి ఎవరూ పిలవరు. జాతరలో కనిపించే లెక్కే ఇది కూడా, కాకపోతే ఇంగ్లీషు చదువుకుంది.

కష్టం మనిషిని గట్టిపరిచేదే అయితే అది కొలతకు అందాలి. కొలిచినవాళ్లున్నారు. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్యారీ ఎవాన్స్ 341 మందిని తొమ్మిదో ఏట మొదలుపెట్టి 13, 17, 24 ఏళ్ల వయసుల్లో పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించాడు. పేదింట్లో పెరిగినవాళ్లలో 24 ఏళ్లకు దురుసుతనం ఎక్కువగా కనిపించింది. తేలని చిక్కు ప్రశ్న ఇస్తే తొందరగా చేతులెత్తేశారు. చూసింది గుర్తుపెట్టుకునే శక్తి తక్కువగా ఉంది. దీర్ఘకాలపు ఒత్తిడి ఒంట్లో మిగిల్చే గుర్తులు ఎక్కువగా ఉన్నాయి. ఒక్క దిగులు విషయంలో మాత్రం తేడా తేలలేదు. ఇది దాచకూడదు, దాస్తే మనమూ మొక్కుల లెక్కే వేసినట్టు. పేదింట పుట్టిన ప్రతివాడికీ ఇలా జరగదు. జరిగే అవకాశం పెరుగుతుంది, అంతవరకే.

ఆ దురుసుతనాన్ని, ఆ చేతులెత్తేయడాన్ని మన ఊళ్లలో ఏమంటామో చూడండి. మొదటిది పొగరు, రెండోది బద్ధకం. రెండూ ముదిరితే గాలి సోకిందంటాం. ఇంకా ముదిరితే ఎవరో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారంటాం. అక్కడితో ప్రశ్న ఇంటి గుమ్మం దాటి, వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ మీదికి పోతుంది. ఉత్తరాంధ్రలో చిల్లంగి అనుమానంతో మనుషుల్ని చంపేసిన సంగతులు పత్రికల్లో చదవనివాళ్లెవరు?

తలరాత వాదానికి నాకు తెలిసిన గట్టి జవాబు ఒక జూదశాల నుంచి వచ్చింది. అమెరికాలోని నార్త్ కరోలినా కొండల్లో జేన్ కాస్టెల్లో బృందం 1993 నుంచి 1,420 మంది పిల్లల మానసిక స్థితిని గమనిస్తూ వచ్చింది. వాళ్లలో సుమారు నాలుగోవంతు చెరోకీ తెగ పిల్లలు. మధ్యలో తెగవాళ్లు సొంతంగా జూదశాల తెరిచారు. లాభంలో తెగలో అందరికీ వాటా పంచారు. ఎవరూ అడుక్కోలేదు, ఎవరికీ పరీక్ష పెట్టలేదు. 2003లో అచ్చయిన ఫలితం ప్రకారం, పేదరికం దాటిన ఇళ్ల పిల్లల్లో మొండితనం, తగాదాల వంటి లక్షణాలు ఎన్నడూ పేదరికం ఎరగని పిల్లల స్థాయికి దిగాయి. ఆందోళన, దిగులు మాత్రం పెద్దగా మారలేదు. డబ్బు అందడం మొదలైనప్పుడు అందరికంటే చిన్నవాళ్లుగా ఉన్నవాళ్లు, పెద్దయ్యాక మద్యం, గంజాయి చిక్కుల్లో తక్కువగా పడ్డారని 2010లో మరో వ్యాసం చెప్పింది. ఇదంతా పూర్వజన్మ కర్మే అయితే, జూదశాల తెరిచాక ఆ ఇళ్ల పిల్లల పూర్వజన్మలన్నీ ఒక్కసారే దిద్దుకున్నాయనాలి.

ఆ ఫలితానికి పరిశోధకులు చూపిన ముఖ్య కారణం మనకు మరీ దగ్గరిది. తల్లిదండ్రులకు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే తీరిక దొరికింది.

బొబ్బిలి చుట్టుపక్కల బాడంగి, తెర్లాం, రామభద్రపురం పల్లెల్లో లేనిదే ఆ తీరిక. అమ్మానాన్నలు హైదరాబాదులోనో విజయవాడలోనో చెన్నైలోనో మేడలు కడుతుంటారు. పిల్లలు అమ్మమ్మ దగ్గర. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కూలీలు. అప్పుడూ ‘రాసిపెట్టుంది బావూ, ఏటి చేస్తాం’ అన్న మాటే విన్నాం. ఆ పునాది ప్లాను గీసింది బ్రహ్మ కాదు. ఆనాడు పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు ఇరవై దాటాయి. వాళ్లలో ఒకడు ఇవాళ అకారణంగా అరిస్తే తాయెత్తు కడతారే గానీ, పన్నెండేళ్ల వెనక్కి వెళ్లి అడిగేవాళ్లెవరు?

చేతిలో డబ్బు లేకపోవడం పెద్దల బుర్రనూ వదలదు. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను కోతకు ముందూ తర్వాతా పరీక్షిస్తే, డబ్బు చేతికొచ్చాక వాళ్ల ఆలోచన చురుకుదేలింది. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిందిది. 2021 నవంబరులో చక్కెర మిల్లు బకాయిల కోసం లచ్చయ్యపేటలో రోడ్డెక్కిన మన చెరకు రైతులకు ఎవరూ ఆ పరీక్ష పెట్టలేదు. పెట్టి ఉంటే ఏం తేలేదో ఊహించుకోగలను.

నమ్మకం ఊరటనిస్తుంది కదా అంటారు. ఇస్తుంది, కాదనను. జాతరలో పక్కనే నలుగురుండటం ఒంటరివాడికి మందే. కానీ మంత్రగాడు ఊరటతో పాటు మేకనూ అడుగుతాడు. మేక అప్పుతో వస్తుంది. అసలు జబ్బుకు దారితీసేవాటిలో ఆ అప్పుల ఇల్లూ ఒకటి. ఈలోగా ఏళ్లు గడిచిపోతాయి. మన పల్లెలకు తెలిసిన పిచ్చాసుపత్రి విశాఖ చినవాల్తేరులోది, బొబ్బిలి నుంచి వంద కిలోమీటర్ల పైమాట. ఆ పేరెత్తితే పెళ్లి సంబంధాలు పోతాయని భయం. 2022 నుంచి 14416 నంబరులో టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి ఉంది. తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. తాయెత్తు కట్టుకున్న చేత్తో కూడా ఆ నంబరు నొక్కొచ్చు.

అయితే డాక్టరు వచ్చేది చివర్లో. పేదింటి పిల్లలకు చిన్నప్పుడే కావలసింది ఇంట్లో నాలుగు డబ్బులు, తల్లిదండ్రులకు ఊళ్లోనే పని. ఉపాధి హామీ పనినీ, నిన్నటి అమ్మఒడినీ, నేటి తల్లికి వందనాన్నీ ‘ఉచితాలు’ అని తీసిపారేసే పెద్దమనుషులు సాధారణంగా ఆ గంజి కథ చెప్పేవాళ్లే. ఆ డబ్బు ఎంత, ఎవరికి, సమయానికి అందుతోందా అని నిలదీయండి, బాగుంటుంది. డబ్బిస్తే మనిషి చెడిపోతాడని మాత్రం ఊరికే అనకండి. అలా జరిగిందని చూపించాలి. చెరోకీ పిల్లల దగ్గర జరిగింది వేరు.